జూమ్ లెన్సులో వంగిన గట్టు

నేను జూమ్ లెన్సులు డిజైన్ చేసి బతికాను. బళ్ళారిలో ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు వెంటనే కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టేవాళ్ళు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి నేరుగా మా సత్యనారాయణపేట ఇంటికే వచ్చేవాళ్ళు, "కరుణా, ఈ కాడ వదులైందమ్మా, కొంచెం చూడు" అని. మొదట్లో కోపం వచ్చేది. "ఆంటీ, నేను చేసేది కెమెరాలకు" అంటే, "కెమెరాకి గూడా కళ్ళజోడేనా తల్లీ! పాపం, దానికి ఏమొచ్చెనో" అని జాలిపడేవాళ్ళు. చివరికి ఒక బుల్లి స్క్రూడ్రైవరు కొనుక్కుని పెట్టుకున్నాను. నేను చేసిన పనుల్లో ఎవరూ వంక పెట్టనిది ఏదైనా ఉందంటే అది ఆ కాడలు బిగించడమే.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు మేడం అని అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్ల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అవి చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను. బెంగళూరులో ఒక పరికరాల ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు చేశాను గానీ ఆ కథ చెప్పను. అందులో ఏసీ గదులు, మీటింగులు, సమోసాలు తప్ప ఏమీ లేవు. నాకు పని వచ్చింది ఆ తర్వాత, సొంతూరు తిరిగొచ్చి ఒక రైస్ మిల్లు యజమాని దగ్గర చేరాక.

ఎండ్రకాయ బొక్కలు

ముందు పనేమిటో చెబుతాను. ఒక గొట్టంలో కొన్ని అద్దాలు. మామూలు లెన్సులో అవి కుదురుగా కూచుంటాయి. జూమ్ లెన్సులో కొన్ని ముందుకూ వెనక్కూ జరుగుతాయి, అందుకే దూరాన ఉన్నది దగ్గరికొచ్చినట్టు కనిపిస్తుంది. అయితే వెలుగు గాజులోంచి దాటేటప్పుడు బుద్ధిగా దాటదు. పుస్తకాల్లో ఆ అల్లరికి నోరు తిరగని పేర్లున్నాయి. ఆ మిల్లు యజమాని పెట్టిన షెడ్డులో మేము పిలుచుకున్నవి నాలుగు: మసక, తోక, రంగంచు, వంపు. చుక్క చుక్కగా రాక చెదిరిపోతే మసక. చుక్కకు తోకచుక్కలా వెలుగు సాగితే తోక. తెల్లచొక్కా అంచున ఊదా గీత వస్తే రంగంచు. తిన్నటి గోడ బొమ్మ అంచున విల్లులా వంగితే వంపు.

కాలవ కింద వరి మడి చూసినవాళ్ళకు ఈ పని ఇట్టే అర్థమవుతుంది. గట్టుకి ఎండ్రకాయ బొక్క పెడుతుంది. మీరు బురద తెచ్చి పూడుస్తారు. నడుం ఎత్తి చూసేలోపు ఇంకో చోట నీళ్ళు బుడబుడమంటాయి. మసక తీస్తే వంపు వస్తుంది, వంపు తీస్తే తోక వస్తుంది. పైగా ఇది కదిలే గట్టు. దూరం చూసే కొసన అన్నీ సర్ది, ఊపిరి పీల్చుకుని, వెడల్పు చూసే కొసకి వెళితే, అక్కడ అంతా మళ్ళీ మొదటికి. అన్నీ పోయిన లెన్సు నేను చూడలేదు. చూశామని చెప్పినవాళ్ళు అమ్మకాల విభాగం వాళ్ళు.

అందుకే ఏ దోషాన్ని ఎక్కడ ఉండనివ్వాలో ముందే తేల్చుకోవాలి. మనుషులు బొమ్మ నడిమధ్యనే చూస్తారు కాబట్టి అంచుల్లోకి తోసెయ్యడం మా వాళ్ళందరి అలవాటు. నేనూ అదే చేశాను. మసక, తోక, రంగంచు బాగా అణిచేసి, వంపును అంచుల్లో కాస్త వదిలేశాను. వెడల్పు కొసన గీతలు బయటికి ఉబ్బుతాయి, పీపా పొట్టలాగా. దూరం కొసన లోపలికి నొక్కుకుపోతాయి. ఆ సంగతి యజమానికి రెండుసార్లు తెలుగులో, ఒకసారి కన్నడంలో చెప్పాను. ఆయన మూడుసార్లూ తలూపారు.

పదకొండో అద్దం

యజమాని వీరభద్రరావు గారు. ఆయన తాతగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి సిరిగేరి పక్కన కాలవ భూముల్లో క్యాంపు, అంటే వలస రైతుల ఊరు, కట్టుకున్న కుటుంబం. రావు గారు పుట్టింది పెరిగింది ఈడే అయినా మాట మాత్రం కృష్ణా మాటే, కోపమొస్తే మాత్రం కన్నడంలో తిట్టేవారు. ఆయన మిల్లులో బియ్యంలోంచి నల్ల గింజలు ఏరే యంత్రం ఉంది. అందులో కెమెరా లెన్సు పాడైతే కొత్తది సముద్రం దాటి రావడానికి నెలలు పట్టింది. "గోళీకాయంత గాజుముక్క కోసం మిల్లు ఆపుకోవాలంటండీ? మనవే చేసేద్దాం" అన్నారు. ఇంకెవరైనా అయితే ఆ మాట అనేసి, కాఫీ తాగి, మర్చిపోతారు. ఈయన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. బళ్ళారిలో మూతపడ్డ జీన్స్ ఉతికే యూనిట్ ఒకటి అద్దెకు తీసుకుని, సానపట్టే మిషన్లు దింపి, పనివాళ్ళను కుదిర్చి, నన్ను పిలిపించారు.

ఆ షెడ్డు నేల నీలం, గోడలు నీలం. ఎన్నిసార్లు కడిగినా బకెట్లో నీలం నీళ్ళే. తెల్లకోటు వేసుకుని లోపలికి వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి అంచు దగ్గర నీలమై బయటికొచ్చేవాళ్ళు. గాజు మీద దుమ్ము పడకూడదని మేం చచ్చీచెడీ చీపుర్లు పడుతుంటే, వారం వారం ఎవరో ఒకరు పాత అలవాటుగా జీన్స్ ప్యాంట్ల మూట గుమ్మంలో దించి, "శనివారానికి కావాలప్పా" అని వెళ్ళిపోయేవాళ్ళు.

రావు గారు నన్ను ఇంటర్వ్యూలో అడిగింది ఒక్కటే ప్రశ్న.

"లెన్సులో అద్దాలు ఎన్నుంటాయండీ?"

"నేను అనుకున్న డిజైన్లో పది."

"పది వద్దండీ, అచ్చిరాదు. పదకొండు చేయండి. కట్నం చదివించినా నూటపదహారు అంటాం గానీ నూరు అంటామాండీ?"

ఒక్క అద్దం పెరిగితే వెలుగు తగ్గుతుందనీ, గొట్టం పొడుగవుతుందనీ చెప్పాను. నేను క్రిస్టియన్‌నండీ, నాకు ఇట్లాంటివి లేవు అని కూడా అన్నాను. ఆయన "మీ చర్చిలో పదో వంతు దేవుడికి ఇస్తారంటగా. పది చేస్తే ఒకటి ఆయనకి పోద్ది. పదకొండు చేయండి, మనకి పది నిలబడతాయి" అన్నారు. ఈ లెక్కకు జవాబు మా పాస్టరు గారి దగ్గర కూడా లేదు, అడిగి చూశాను.

ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర రాలేదు. తెల్లారి వెళ్ళి, లెన్సు ముందు భాగంలో ఒక చదునైన గాజుబిళ్ళ పెట్టాను. అటూ ఇటూ చదును కాబట్టి దూరం నుంచి వచ్చే వెలుగును అది ఏమీ చేయదు, మంచీ చేయదు, చెడూ చేయదు. రావు గారు లెక్కపెట్టుకుని పదకొండు అని మురిసిపోయారు. తర్వాత ఆ లెన్సులు మిల్లుల్లో బిగిస్తే ఊక దుమ్ము రాసుకుని ముందున్న ఆ బిళ్ళకు గీతలు పడ్డాయి. అసలు అద్దమైతే లెన్సు మొత్తం పోయేది. ఇది బిళ్ళే గనక తీసి కొత్తది వేశాం. "చూశారా, పదకొండోదే కాపాడింది" అని ఆయన ఊరంతా చెప్పుకున్నారు, నేను నోరు మూసుకున్నాను. పిల్లలూ, యజమాని అర్థంలేని షరతు పెడితే వాదనకు దిగకండి. అది ఏ హానీ చేయకుండా ఎక్కడ కూచోగలదో వెతకండి. అప్పుడప్పుడు అది జీతం కూడా సంపాదించుకుంటుంది.

కంప్యూటరు మీద కూడా ఇదే మాట. నేను అడిగినవన్నీ తీర్చేసి ఒకసారి అది దివ్యమైన డిజైన్ చూపించింది. మసక లేదు, తోక లేదు, వంపు లేదు. తీరా కొలతలు చూస్తే ఒక అద్దం మందం సున్నా కంటే తక్కువ, అంటే వెనక తలం ముందు తలానికి ముందుంది. నేను నవ్వుకుని చెరిపేయబోతుంటే వెనక నిలబడ్డ రావు గారు చెయ్యి పట్టుకున్నారు. "బొమ్మ ఎంత బాగుందండీ! ఇదే చేయండి." ఇలాంటి గాజు లోకంలో లేదండీ అన్నాను. "బళ్ళారిలో దొరకదేమో, మద్రాసులో అడిగించండి" అన్నారు. నిజంగానే అడిగించారు. అక్కడి గాజు కొట్టువాడు రెండు వారాలు గడువు అడిగాడట.

ఎండబెట్టిన లెన్సు

ఇంకో సంగతి. మేము లెన్సులు బిగించి ఫోకస్ సరిచేసేది ఆ రేకుల షెడ్డులోనే. బళ్ళారి ఎండాకాలం తెలుసుగా, రేకుల కింద మనిషి మెత్తబడిపోతాడు. ఆ వేడికి గొట్టం సాగేది, గాజు కూడా కొంచెం మారేది. ఆ సాగినప్పుడే మేము ఇంచీ ఇంచీ సరిచూసి, వంకలేని పనితనంతో బిగించి పంపేవాళ్ళం. కొడగు కొండల్లో ఒక కాఫీ తోట వాళ్ళు తీసుకెళ్ళి తోట కెమెరాకు బిగించి, పొద్దున పూట అంతా మసకే అని ఫోన్ చేశారు. మధ్యాహ్నానికి కొంచెం మేలట. సాయంత్రానికి మళ్ళీ మసకట.

నాకు సంగతి అర్థమై తల పట్టుకున్నాను. వాళ్ళ చలికి గొట్టం ముడుచుకుపోయింది. మా లెన్సు బళ్ళారి మే నెలకు మాత్రమే సరిపోయే లెన్సు. వెనక్కి తెప్పించి మళ్ళీ చేద్దామంటే రావు గారు ఒప్పుకోలేదు. ఫోన్ అందుకుని, "పొద్దున్నే కాసేపు అప్పడంలాగా ఎండలో పెట్టి వాడండి" అని చెప్పారు. వాళ్ళు అలాగే చేశారు. బాగుందని మళ్ళీ ఫోన్ కూడా చేశారు! లెన్సుకు పొద్దుటి ఎండ చూపించడానికే ఒక మనిషిని పెట్టుకున్నారట.

నేను ఆ తర్వాతి డిజైన్లలో వేడికి సాగే లోహాన్ని, దానికి ఎదురు సాగేలా ఇంకో లోహాన్ని జత చేసి ఆ పీడ వదిలించుకున్నాను. చేశాక చూస్తే బాగానే ఉంది. కానీ ఆ తోటవాళ్ళు కొత్త లెన్సును కూడా ఎండబెడుతూనే ఉన్నారని విన్నాను. ఒకసారి మనిషికి వైద్యం దొరికాక, జబ్బు పోయిందని చెప్పినా వినడు.

పక్క మడి

ఇప్పటిదాకా చెప్పినవి నవ్వుకోవడానికి. ఇది కూడా నవ్వుకోవడానికే, కాకపోతే ఇందులో ఒక మనిషి పంట ఉంది.

రావు గారు మా మొదటి లెన్సును సిరిగేరి దగ్గర తన మిల్లు మేడ మీద, పొడుగాటి స్తంభానికి బిగించి పెట్టుకున్నారు. కింద ఆఫీసు గదిలో గోడంత టీవీ. కెమెరా తిప్పడానికి, జూమ్ చేయడానికి ఒక మీట. మిల్లు సూపర్‌వైజరు మస్తాన్ వలీ దాని డ్రైవరు. రావు గారికి మోకాళ్ళ నొప్పులు, పొలం వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు కుర్చీలో కూచుని, కాఫీ తాగుతూ తన వరి మడి చూసుకునేవారు. ఆయన పట్టింపు ఒకటే, తన మడి బొమ్మకు నడిమధ్య ఉండాలి. దాంతో పక్కవాడి హద్దు గట్టు ఎప్పుడూ కుడి అంచుకే వచ్చేది. నేను వంపును తోసిన చోటికే!

పక్క మడి హనుమంతప్పది. తాతల నాటి నుంచి ఈ ఊరే. మాట కటువు, మనిషి మొండి. ఉన్నది కొంచెం నేల, బతుకంతా కాలవ నీళ్ళ మీదే. ఆ ఏడు కాలవకు నీళ్ళు వదిలారు. హనుమంతప్ప నారుమడి సరిగ్గా ఆ గట్టును ఆనుకుని పోసుకున్నాడు. నారు నాటుకు వచ్చింది. ఆ నారు పోతే మళ్ళీ పోసుకోవడానికి అదను ఉండదు, ఆ కారుకు పంట లేనట్టే.

ఒక పొద్దున రావు గారు జూమ్ బాగా దగ్గరికి లాగి చూశారు. దూరం కొసన గీతలు లోపలికి నొక్కుకుపోతాయని చెప్పాను కదా. గట్టు నడిమి భాగం ఆయన మడిలోకి విల్లులా వంగి కనిపించింది.

"మస్తాన్! ఈ హనుమంతప్ప గట్టు చెక్కి నా మడిలోకి జరిపాడ్రా!"

"అరె, అవును సార్. సాఫ్ కనపడతాంది."

వాళ్ళిద్దరిలో ఒక్కరైనా లేచి వెళ్ళి చూసి ఉంటే ఈ కథ లేదు. రావు గారు కూలీలను పంపి, ఫోన్లో చెబుతూ, టీవీ చూస్తూ గట్టు సరిచేయించారు. "ఇంకా అటు జరపండ్రా. ఇంకా. ఆ... ఆపండి. ఇప్పుడు తిన్నగా ఉంది." టీవీలో తిన్నగా ఉందంటే, నేల మీద అది హనుమంతప్ప మడిలోకి పొట్ట తోసుకుని వెళ్ళిందన్నమాట. నారుమడి అంచు మట్టి కింద పడింది.

హనుమంతప్ప అగ్గిరాముడై మిల్లుకు వచ్చాడు. అతను కూడా పొలం చూపించడానికి పిలవలేదు, టీవీ ముందుకే వచ్చాడు. రావు గారిని అతను ధణి అంటాడు, దొర అన్నట్టు. "ఏం ధణీ, మీ టీవీలోనే చూస్తాం పట్టండి. అంత దగ్గరికి లాగితే ఏం తెలుస్తాది? దూరంగా పెట్టప్పా మస్తానూ, గట్టు మొత్తం కనపడాల!"

మస్తాన్ వెనక్కి లాగాడు. వెడల్పు కొసన గీతలు బయటికి ఉబ్బుతాయి. అసలే గట్టు హనుమంతప్ప వైపు ఉబ్బి ఉంది, నా లెన్సు దానికి ఇంకో ఉబ్బు కలిపింది. గోరుచుట్టు మీద రోకలిపోటు.

"చూడండప్పా! నా మడి సగం మింగినాడు ఈ ధణి! నాకు దీనికి రెండింతలు వెనక్కి రావాల!" అని హనుమంతప్ప అరిచాడు. నారుమడి అంచే పోయిందని అతనికి కాళ్ళ కింద కనిపిస్తూనే ఉంది. కానీ టీవీలో ఎక్కువ పోయింది కాబట్టి అతను టీవీ లెక్కనే పట్టుకున్నాడు.

రావు గారు దగ్గరికి లాగమంటారు, హనుమంతప్ప దూరంగా పెట్టమంటాడు. మస్తాన్ మీట పట్టుకుని అటూ ఇటూ. గట్టు మీటతో పాటు ఇటు వంగుతుంది, అటు వంగుతుంది. బాగా దగ్గరికి లాగినప్పుడు తిన్నగా ఉన్నది, కొంచెం వదిలితే మళ్ళీ వంకర. చివరికి రావు గారికి పంతం వచ్చింది. "ఏ కొసన చూసినా తిన్నగా ఉండేదాకా సరిచేయిస్తా. రేపు బ్లేడు ట్రాక్టరు పెడతా" అన్నారు. బ్లేడు దిగితే నారుమడి మిగతాది కూడా మట్టిలో కలిసిపోతుంది. ఆ మాటకు హనుమంతప్ప కుర్చీ అంచు పట్టుకుని నిలబడిపోయాడట. మస్తాన్‌కు భయమేసి, ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. "మేడం, మీ లెన్సు ఈడ కొట్లాట పెట్టింది. మీరే రావాల."

లారీ తాడు

పొద్దున్నే బస్సెక్కాను. దారంతా ఒకటే భయం. ఆ షెడ్డు మీద బతికేవాళ్ళు ఉన్నారు. లెన్సు గీతలు వంచుతుందని అందరి ముందూ చెబితే రావు గారు షెడ్డు మూసేస్తారా? చెప్పకపోతే ఒకడి నోటి దగ్గర కూడు పోతుంది. వెళ్ళేసరికి ట్రాక్టరు మిల్లు ముందే ఆగి ఉంది. డ్రైవరు పళ్ళు తోముకుంటున్నాడు. లోపల రావు గారు, హనుమంతప్ప, మస్తాన్ అప్పటికే టీవీ ముందున్నారు.

"రావు గారూ, గట్టు సంగతి టీవీలో వద్దండీ. రెండు కొసలా సర్వే రాళ్ళున్నాయి కదా. ఈ రాయికి ఆ రాయికి తాడు లాగి చూద్దాం."

గదిలో అందరూ నన్ను అదోలా చూశారు. హనుమంతప్ప ముందుగా అన్నాడు, "ఏందమ్మా, ఇంత పెద్ద కెమెరా పెట్టుకుని తాడేంది?" అదేగా అన్నట్టు రావు గారూ తలూపారు, ఆ ఇద్దరూ ఏకమైన మాట అదొక్కటే. రావు గారు, "సరే లాగించండి. కానీ చూసేది మాత్రం ఇక్కడే" అన్నారు. మోకాళ్ళు పట్టుకుని కుర్చీలో కూచున్నారు. హనుమంతప్ప కూడా పొలం వెళ్ళకుండా ఆయన పక్కనే నిలబడ్డాడు, తను అటు వెళ్ళగానే టీవీలో ఏదో మార్చేస్తారని.

లారీ లోడు కట్టే లావుపాటి పసుపు తాడు తెచ్చి, చెరో రాయి దగ్గరా ఇద్దరు మనుషులు పట్టి లాగారు. మేము టీవీ చూశాం. తాడు విల్లులా వంగి ఉంది.

"వదులుగా ఉందిరా. గట్టిగా లాగండి!" రావు గారు ఫోన్లో.

లాగారు. తాడు వంగే ఉంది.

"ధణీ, మీ మనుషులు కావాలనే వంచుతాండారు!"

"కావాలని తాడునెవడు వంచుతాడయ్యా? లాగండ్రా ఇంకా!"

తాడు పుటుక్కున తెగింది. అటువైపు ఇద్దరు, ఇటువైపు ఇద్దరు వెల్లకిలా బురదలో పడ్డారు. టీవీలో వాళ్ళు పడడం కూడా కొంచెం వంకరగానే కనిపించింది. మస్తాన్ పకపకా నవ్వి, రావు గారి మొహం చూసి ఆపేశాడు. తాడు ముడేసి మళ్ళీ లాగమన్నాను. ఈసారి మస్తాన్ చేతిలోంచి మీట నేను లాక్కున్నాను.

"రావు గారూ, ఇప్పుడు మీ మడి అంచుకు పోతుంది. ఏమనుకోకండి."

కెమెరా తిప్పి తాడును బొమ్మకు నడిమధ్యకు తెచ్చాను. నడుమ గుండా వెళ్ళే గీతను ఈ వంపు ఏమీ చేయలేదు, ఎన్నటికీ చేయలేదు. తాడు ఈటెలా తిన్నగా నిలిచింది. దాని పక్కన కొత్త గట్టు కప్పను మింగిన పాములా పొట్ట వేసుకుని హనుమంతప్ప నారు మీద పడి ఉంది. మళ్ళీ అంచుకు తోశాను. తాడు వంగింది. నడుమకు తెచ్చాను. తిన్నగైంది.

"అరె! తాడు డ్యాన్స్ చేస్తాంది" అన్నాడు మస్తాన్.

"తాడు కాదు మస్తాన్, నా లెన్సు. అంచుల్లో వంపు ఉంటుందని మొదటి రోజే చెప్పాను."

రావు గారు టీవీ వంక, నా వంక చూశారు. "చెప్పారండీ. కొంచెం అన్నారు" అన్నారు నీరసంగా. "కొంచెమేనండీ. దానికి మీరు మట్టి కలిపారు" అన్నాను. నోరు జారిందనుకున్నాను గానీ వెనక్కి తీసుకోలేదు.

హనుమంతప్ప అంతసేపూ టీవీకి దగ్గరగా వెళ్ళి, దాదాపు ముక్కు ఆనించి, పొట్ట వేసుకున్న ఆ గట్టును చూస్తున్నాడు. ఇటు తిరిగాడు. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది.

"గాజులో గట్టు వంకరగా కనపడితే గట్టు తవ్వితిరి ధణీ. రేపు నా మొహం వంకరగా కనపడితే ఏం తవ్వుతురు?"

బయట ట్రాక్టరు డ్రైవరు బండి స్టార్ట్ చేసుకున్నాడు, అతనికి లోపల ఏం జరుగుతోందో తెలియదు. రావు గారు కుర్చీలోంచి లేచారు. "ఆపమనరా వాణ్ణి" అని మస్తాన్‌తో అని, చెప్పులు వేసుకుని బయల్దేరారు. మోకాళ్ళు పట్టుకుంటూ, మెట్టు మెట్టుకూ కన్నడంలో ఎవరినో తిడుతూ నడిచారు. మస్తాన్ ట్రాక్టరు ఆపించి మీట దగ్గరికే వెళ్ళాడు, మిగతావాళ్ళం వెనకాల.

సర్వే రాయి దగ్గర ఆయన గొంతుక్కూచుని, ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క చూసినట్టు గట్టు వెంబడి చూశారు. చాలాసేపు లేవలేదు. నేను ఆయన వెనక నిలబడి చూశాను. ఎన్నోసార్లు కంప్యూటరు తెర మీద చూసి, ఇంతే కదా అని వదిలేసిన వంపు అది. దాన్ని ఇప్పుడు మనుషులు మట్టితో పోసి నా ముందు పెట్టారు. మట్టి అంచున పచ్చటి నారు కొసలు పైకొచ్చి ఉన్నాయి. నవ్వు రావలసిన దృశ్యమే. నాకు ఏడుపొచ్చింది.

పిల్లలూ, మీరు కూడా దోషాన్ని ఎక్కడో ఒకచోట వదిలేస్తారు, వేరే దారి లేదు. అంచులో ఎవరూ ఉండరని మాత్రం అనుకోకండి. బొమ్మకు నడుమ కూచునేది డబ్బిచ్చి లెన్సు కొన్నవాడు. అంచున ఉండేది అతని పక్క మడివాడు.

రావు గారు చేత్తో మోకాలు నొక్కుకుని లేచారు. "ఇవాళే తాడు వెంబడి గట్టు వేయించేస్తా హనుమంతప్పా. పోయిన నారుకి నా నారుమడిలో పీక్కో. ఎంత కావాలంటే అంత." క్షమించమన్న మాట ఆయన నోట రాలేదు. వస్తుందని ఎవరూ ఎదురుచూడలేదు కూడా.

హనుమంతప్ప మిల్లు మేడ వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఏమ్మా, అది ఇప్పుడు గూడా మనల్ని చూస్తాందా?"

"చూస్తోంది."

"దాంట్లో నేనెట్ల కనపడతాండా?"

మస్తాన్ ఈపాటికి కెమెరాను మళ్ళీ పాత చోటికే తిప్పి ఉంటాడు, ధణి మడి నడుమకు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"కొంచెం ఒక పక్కకు వంగినట్టు."

హనుమంతప్ప వీపు నిటారుగా చేసుకున్నాడు.

"నేను తిన్నగానే నిలబడి ఉండా గదమ్మా. దానికి చెప్పు."

అని, పంచె ఎగ్గట్టుకుని రావు గారి నారుమడిలోకి దిగాడు.